సీ భాషలో సొంత ప్రింట్ఎఫ్ రాయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడలో సాయంత్రం పూట నేను చెప్పే సీ తరగతులకు ఇంజనీరింగ్, ఎంసీఏ విద్యార్థులు వస్తారు. గుంటూరు, తెనాలి నుంచి రైల్లో వచ్చి వెళ్ళేవారూ వారిలో ఉన్నారు. ప్రతి బ్యాచ్‌కూ ఒక పని తప్పకుండా ఇస్తాను: తెర మీద అక్షరాలు, సంఖ్యలు చూపించే లైబ్రరీ ఫంక్షన్ ప్రింట్ఎఫ్‌ను ముట్టుకోకుండా, అదే పని చేసే ఫంక్షన్‌ను సొంతంగా రాయమంటాను. ఆ పని మీద వచ్చే సందేహాలు ఏ బ్యాచ్‌లోనైనా దాదాపు ఒకటే కాబట్టి, వాటికి నేను చెప్పే జవాబులను ఇక్కడ ఒకచోట చేర్చాను. ఏ జవాబుకు ఆ జవాబే పూర్తిగా ఉండేలా రాశాను కనుక కావలసిన చోట తెరిచి చదువుకోవచ్చు. ఫంక్షన్ల పేర్లు, గుర్తులు అన్నీ ఇక్కడ తెలుగు లిపిలో ఉన్నాయి. ప్రోగ్రాములో మాత్రం వాటిని ఇంగ్లీషు అక్షరాల్లోనే రాసుకోవాలి. మనం రాయబోయే ఫంక్షన్‌కు మన_ప్రింట్ అని పేరు పెట్టుకుందాం.

## మొదలుపెట్టే ముందు

ప్రింట్ఎఫ్ సిద్ధంగా ఉండగా మళ్ళీ మనమే ఎందుకు రాయాలి సార్?

చిన్న మైక్రోకంట్రోలర్ల మీద పనిచేసేటప్పుడు పూర్తి ప్రింట్ఎఫ్‌కు సరిపడా మెమరీ ఉండకపోవచ్చు. అప్పుడు %డి వంటి నాలుగైదు గుర్తులను మాత్రమే అర్థం చేసుకునే చిన్న ఫంక్షన్‌ను మనమే రాసుకోవాలి. లక్షలు, కోట్ల పద్ధతిలో కామాలు పెట్టడం వంటి మన అవసరాలు సీ ప్రమాణంలోని ప్రింట్ఎఫ్‌లో లేవు. ఈ రెండు అవసరాలూ ఎదురుకాని విద్యార్థికి కూడా నేను ఈ పని ఇస్తాను. ఆర్గ్యుమెంట్లు, అంటే ఫంక్షన్‌కు పంపే విలువలు, ఒక ఫంక్షన్ నుంచి మరో ఫంక్షన్‌కు ఎలా చేరతాయో, చిన్న టైపులు దారిలో పెద్ద టైపులుగా ఎలా మారతాయో, మెమరీలో ఉన్న సంఖ్య తెర మీద అంకెలుగా ఎలా వస్తుందో ఈ ఒక్క ఫంక్షన్ రాస్తే చేతికి తెలుస్తుంది.

ప్రింట్ఎఫ్ డిక్లరేషన్ చివర ఉండే మూడు చుక్కలకు అర్థం ఏమిటి?

ఆ చుక్కల దగ్గర నుంచి ఎన్ని ఆర్గ్యుమెంట్లయినా, ఏ టైపువైనా రావచ్చు అని అర్థం. అక్కడి నుంచి కంపైలర్ భాషాపరంగా చేసే తనిఖీ ఆగిపోతుంది. సంఖ్య సరిపోయిందా, టైపు కుదిరిందా అని చూసే బాధ్యత మనది అవుతుంది. ఈ చుక్కలూ, వాటిని చదవడానికి కావలసిన స్టడ్‌ఆర్గ్.హెచ్ అనే హెడర్ ఫైలూ 1989 నాటి ఆన్సి (అమెరికా ప్రమాణాల సంస్థ) ప్రమాణంతో సీ భాషలో స్థిరపడ్డాయి. ఒక షరతు గుర్తుంచుకోవాలి: ఇలాంటి ఫంక్షన్‌ను పిలిచే ముందు దాని ప్రోటోటైప్ (పేరు, టైపులు చెప్పే ప్రకటన) తప్పకుండా కంపైలర్‌కు కనిపించాలి. ప్రోటోటైప్ లేకుండా పిలిస్తే ఫలితం ఎలా ఉంటుందో ప్రమాణం ఏ హామీ ఇవ్వదు.

నేను ఎన్ని ఆర్గ్యుమెంట్లు పంపానో ఫంక్షన్‌కు ఎలా తెలుస్తుంది?

తెలియదు. ఈ పని మొత్తంలో మనసులో నాటుకోవలసిన విషయం ఇదే. గుంటూరు మిర్చి యార్డుకు వచ్చిన లారీలో ఏ రకం బస్తాలు ఎన్ని ఉన్నాయో దించేవారికి తెలిసేది లారీతో వచ్చిన కాగితం ద్వారానే. ఫార్మాట్ స్ట్రింగ్, అంటే ఏది ఏ రూపంలో చూపించాలో చెప్పే మొదటి ఆర్గ్యుమెంట్, ఆ కాగితం వంటిది. అందులో మూడు %డి గుర్తులు ఉంటే మన ఫంక్షన్ మూడు ఇంట్ విలువలు తీసుకుంటుంది. మీరు రెండే పంపి ఉంటే, మూడో దాని చోట ఏది పడి ఉంటే దాన్నే తీసుకుని ప్రింట్ చేస్తుంది, లేదా ప్రోగ్రామ్ కూలిపోతుంది. మూడుకు బదులు నాలుగు పంపితే మాత్రం ప్రమాదం లేదు. ఎక్కువైనది ఎవరూ తీసుకోకుండా మిగిలిపోతుంది.

ఫార్మాట్ స్ట్రింగ్ ఒక్కటే మార్గం కాదు. మొదటి ఆర్గ్యుమెంట్‌గా లెక్కను పంపవచ్చు. లేదా చివర నల్ పాయింటర్ వంటి ముగింపు గుర్తును పంపవచ్చు. రెండో పద్ధతిలో ఉత్త నల్ అని రాయకుండా చార్ పాయింటర్‌గా కాస్ట్ చేసి పంపాలి. కొన్ని వ్యవస్థలలో నల్ అంటే మామూలు సున్నా మాత్రమే కావచ్చు, అప్పుడు పాయింటర్‌కు బదులు ఇంట్ వెళుతుంది.

టర్బో సీలో చేస్తే సరిపోదా?

సరిపోదు. టర్బో సీ డాస్ కాలపు 16 బిట్ల కంపైలర్. అందులో ఇంట్ 2 బైట్లు, దానిలో పట్టే అతి పెద్ద సంఖ్య 32,767. 2024 సెప్టెంబరు వరదలో ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ సంఖ్యను అక్కడ %డితో చూపించలేరు. 1999 ప్రమాణంలో వచ్చిన వీఏ_కాపీ, ఎస్ఎన్‌ప్రింట్ఎఫ్ కూడా అందులో లేవు. జీసీసీ, క్లాంగ్ అనే నేటి కంపైలర్లు ఉచితంగానే దొరుకుతాయి, వాటితో మొదలుపెట్టండి.

## ఆర్గ్యుమెంట్లను అందుకోవడం

వీఏ_లిస్ట్, వీఏ_స్టార్ట్, వీఏ_ఆర్గ్, వీఏ_ఎండ్: ఏది ఏ పని చేస్తుంది?

వీఏ_లిస్ట్ ఒక టైపు; ఇంతవరకు ఎన్ని ఆర్గ్యుమెంట్లు చదివామో, తరువాతిది ఎక్కడ ఉందో అది గుర్తుంచుకుంటుంది. ఆ టైపుతో ఏపీ అనే వేరియబుల్ పెట్టుకోవడం అలవాటు. వీఏ_స్టార్ట్ దానిని సిద్ధం చేస్తుంది. దానికి చుక్కలకు ముందున్న చివరి పరామితి పేరు కూడా ఇవ్వాలి, మన ఫంక్షన్‌లో అది ఫార్మాట్ స్ట్రింగ్. సీ23 ప్రమాణం వచ్చాక ఆ రెండో పేరు తప్పనిసరి కాదు గానీ, పాత కంపైలర్లలోనూ నడవాలంటే రాయడమే మంచిది. వీఏ_ఆర్గ్(ఏపీ, ఇంట్) అని రాస్తే తరువాతి ఆర్గ్యుమెంట్‌ను ఇంట్‌గా చదివి ఇస్తుంది, స్థానాన్ని ముందుకు జరుపుతుంది. వీఏ_ఎండ్ ముగిస్తుంది.

వీఏ_ఆర్గ్‌లో రెండోది టైపు పేరే కావాలి. టైపును ఒక వేరియబుల్‌లో పెట్టి ఇవ్వడం కుదరదు, ఎందుకంటే అది కంపైల్ సమయంలోనే నిర్ణయమైపోతుంది. అందుకే ప్రతి గుర్తుకూ స్విచ్‌లో ఒక కేస్ రాసి, ఆ కేస్‌లో దాని టైపుతో వీఏ_ఆర్గ్‌ను విడిగా పిలవాలి.

%సి కోసం వీఏ_ఆర్గ్‌లో చార్ అని రాశాను. కంపైలర్ హెచ్చరిస్తోంది, నడిపితే ఆగిపోతోంది. ఎందుకు?

చుక్కల చోట పంపిన చార్, షార్ట్ విలువలు దారిలోనే ఇంట్‌గా మారిపోతాయి. ఫ్లోట్ డబుల్‌గా మారుతుంది. మీరు చార్ పంపామని అనుకున్నా అవతల చేరేది ఇంట్. కాబట్టి %సి గుర్తుకు వీఏ_ఆర్గ్(ఏపీ, ఇంట్) అని చదివి, తరువాత దాన్ని అన్‌సైన్డ్ చార్‌గా మార్చుకోవాలి. ప్రింట్ఎఫ్‌లో ఫ్లోట్‌కూ డబుల్‌కూ ఒకే %ఎఫ్ సరిపోవడానికి, స్కాన్ఎఫ్‌లో మాత్రం రెండింటికీ వేర్వేరు గుర్తులు ఉండడానికి కారణం కూడా ఇదే: స్కాన్ఎఫ్‌కు విలువలు కాదు, వాటి అడ్రసులు వెళతాయి, అడ్రసులకు ఈ మార్పు లేదు.

మొదటి పరామితి అడ్రసు తీసుకుని పక్కకు జరుగుతూ పోతే అన్ని ఆర్గ్యుమెంట్లూ దొరుకుతాయి కదా? సీనియర్ల నోట్సులో అలాగే ఉంది.

ఆ నోట్సు 32 బిట్ల కాలానిది. అప్పటి ఎక్స్86 (ఇంటెల్ తరహా ప్రాసెసర్ల) యంత్రాల్లో సాధారణ పద్ధతి ప్రకారం ఆర్గ్యుమెంట్లన్నీ స్టాక్ (ఫంక్షన్ల తాత్కాలిక విలువలు ఉండే మెమరీ) మీద ఒకదాని పక్కన ఒకటి కూర్చునేవి కాబట్టి పాయింటర్‌ను జరిపితే దొరికేవి. నేటి 64 బిట్ల ఎక్స్86 లినక్స్‌లో మొదటి 6 పూర్ణాంక, పాయింటర్ ఆర్గ్యుమెంట్లు రిజిస్టర్లలో, అంటే ప్రాసెసర్ లోపలి చిన్న గదుల్లో, వెళతాయి. దశాంశ విలువలు వేరే 8 రిజిస్టర్లలో వెళతాయి. మిగిలినవే స్టాక్ మీదకు వస్తాయి. రిజిస్టర్‌కు అడ్రసు ఉండదు, పక్కకు జరగడం అనే మాటకే అక్కడ అర్థం లేదు.

ఇలాంటి ఫంక్షన్ మొదలవగానే కంపైలర్ ఆ రిజిస్టర్లలోని విలువలను స్టాక్ మీద 176 బైట్ల చోటులో దాచిపెట్టేలా కోడ్ రాస్తుంది: 6 రిజిస్టర్లకు 8 బైట్ల చొప్పున 48, మరో 8 రిజిస్టర్లకు 16 బైట్ల చొప్పున 128. అక్కడి వీఏ_లిస్ట్ నాలుగు విషయాలు గుర్తుంచుకునే 24 బైట్ల స్ట్రక్చర్: పూర్ణాంకాల్లో ఎంతవరకు చదివాం, దశాంశాల్లో ఎంతవరకు చదివాం, స్టాక్ మీద తరువాతిది ఎక్కడుంది, దాచిన చోటు ఎక్కడుంది. వీఏ_ఆర్గ్‌కు టైపు చెప్పడం ఎందుకు తప్పనిసరో ఇది చూస్తే అర్థమవుతుంది. ఆ టైపును బట్టే ఏ వరుసలోంచి తీయాలో అది నిర్ణయిస్తుంది. %డి ఉన్నచోట డబుల్ పంపితే తప్పు సంఖ్య రావడమే కాదు, ఆ డబుల్‌ను ఎవరూ ముట్టుకోరు. దాని తరువాత పంపిన ఇంట్ ముందుకు వచ్చి దాని చోట ప్రింట్ అవుతుంది.

ఏపీని వేరే ఫంక్షన్‌కు పంపి అక్కడ చదివిస్తే, నా ల్యాప్‌టాప్‌లో ముందుకు జరుగుతోంది, స్నేహితుడి దాంట్లో జరగడం లేదు. ఏది సరైనది?

రెండింటినీ నమ్మకూడదు. 64 బిట్ల ఎక్స్86 లినక్స్‌లో వీఏ_లిస్ట్ ఒక స్ట్రక్చర్ మాత్రమే మూలకంగా ఉన్న అర్రే. అర్రేను పంపితే దాని అడ్రసే వెళుతుంది కాబట్టి అవతల జరిగిన మార్పు ఇవతల కనిపిస్తుంది. కొన్ని ఇతర వ్యవస్థల్లో అది మామూలు పాయింటర్. దాన్ని పంపితే నకలు మాత్రమే వెళుతుంది. అవతలి ఫంక్షన్ దాంతో వీఏ_ఆర్గ్ వాడాక ఇవతలి ఏపీ విలువ అనిశ్చితం అని ప్రమాణం చెబుతోంది. స్విచ్‌ను విడి ఫంక్షన్‌లో పెట్టాలంటే వీఏ_లిస్ట్‌కు పాయింటర్ పంపండి. లేదా వీఏ_లిస్ట్‌ను ఒక స్ట్రక్చర్‌లో సభ్యుడిగా పెట్టి ఆ స్ట్రక్చర్ అడ్రసు పంపండి. నేను రెండో పద్ధతినే ఇష్టపడతాను. ఎన్ని అక్షరాలు ప్రింట్ చేశామనే లెక్కను కూడా అదే స్ట్రక్చర్‌లో ఉంచవచ్చు.

వీఏ_ఎండ్ రాయకపోయినా పనిచేస్తోంది. తప్పనిసరా?

తప్పనిసరి. చాలా యంత్రాల్లో అది ఏ పనీ చేయదు గానీ, ప్రమాణం ప్రకారం వీఏ_స్టార్ట్ చేసిన ఫంక్షన్‌లోనే వీఏ_ఎండ్ కూడా ఉండాలి. మధ్యలో రిటర్న్ అయ్యే దారులన్నీ చూసుకోండి.

## ఫార్మాట్ స్ట్రింగ్‌ను చదవడం

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. మొదటి అడుగు ఏమిటి?

మొదటి రోజు %సి (అక్షరం), %ఎస్ (స్ట్రింగ్), %డి (ఇంట్), %% (ఉత్త % గుర్తు) ఈ నాలుగింటితో ఆగండి. ఫార్మాట్ స్ట్రింగ్‌ను ఒక్కో అక్షరంగా చదివే లూప్ రాయండి. అక్షరం % కాకపోతే దాన్ని ఉన్నదున్నట్టు బయటకు పంపాలి. % అయితే ఒక అడుగు ముందుకు వేసి, అక్కడున్న అక్షరాన్ని బట్టి స్విచ్‌లోకి వెళ్ళాలి.

"రకం %ఎస్, బస్తాలు %డి" అనే స్ట్రింగ్‌తో "తేజ", 42 పంపారనుకోండి. "రకం", దాని వెంట ఉన్న ఖాళీ అలాగే వెళ్ళిపోతాయి. % కనబడుతుంది, తరువాత ఎస్ ఉంది. చార్ పాయింటర్‌గా ఒకటి చదివి "తేజ" ప్రింట్ చేస్తాం. కామా, ఖాళీ, "బస్తాలు", మరో ఖాళీ అలాగే వెళతాయి. మళ్ళీ %, తరువాత డి. ఇంట్‌గా చదివి 42ను అంకెలుగా విడదీసి ప్రింట్ చేస్తాం. స్ట్రింగ్ ముగింపును తెలిపే సున్నా బైటు రాగానే లూప్ ఆగుతుంది.

బయటకు పంపే పనిని మాత్రం మొదటి నుంచే ఒక చిన్న ఫంక్షన్‌లో పెట్టండి. పుట్‌చార్‌ను ముప్పై చోట్ల రాస్తే రేపు ఫైలులోకో బఫర్‌లోకో పంపాలన్నప్పుడు ముప్పై చోట్లా మార్చాలి.

స్ట్రింగ్ చివర ఒంటరిగా % వస్తే ఏం చేయాలి? తెలియని అక్షరం వస్తే?

రెండూ ప్రమాణం ప్రకారం పిలిచినవారి తప్పులే. ఏం చేయాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ మనకు ఉంది. చివర ఒంటరి % వచ్చినప్పుడు స్ట్రింగ్ హద్దు దాటకుండా ఉండడం మాత్రం ప్రాణావసరం. % తరువాత అడుగు ముందుకు వేసి, అక్కడ ఉన్నది సున్నా బైటా కాదా చూడకుండా లూప్‌లో మరో అడుగు వేస్తే, స్ట్రింగ్ దాటి మనది కాని మెమరీలోకి వెళతాం. తెలియని అక్షరం వస్తే % తో పాటు దాన్ని అలాగే ప్రింట్ చేయమంటాను. తప్పు ఎక్కడుందో తెర మీదే కనిపిస్తుంది.

%ఎస్‌కు నల్ పాయింటర్ పంపితే లైబ్రరీ ప్రింట్ఎఫ్ కూలిపోవడం లేదు, నాది కూలిపోతోంది.

లినక్స్‌లోని గ్లిబ్‌సీ లైబ్రరీ దయతలచి నల్ అనే మాటను బ్రాకెట్లలో చూపిస్తుంది. అలా చూపించాలని ప్రమాణంలో లేదు. మీరూ ఒక ఇఫ్ పెట్టి అలాగే చేయండి.

మన_ప్రింట్ ఏ విలువ రిటర్న్ చేయాలి?

బయటకు పంపిన మొత్తం బైట్ల సంఖ్య. రాయడంలో లోపం వస్తే ఏదైనా రుణ సంఖ్య. నేరుగా రైట్ సిస్టమ్ కాల్ వాడేవారు అది అడిగినన్ని బైట్లు రాయకుండానే తిరిగి రావచ్చని గమనించాలి.

## సంఖ్యను అంకెలుగా మార్చడం

123 ఇస్తే 321 వస్తోంది. సున్నా ఇస్తే ఏమీ రావడం లేదు.

10తో భాగించి శేషం తీస్తూ పోతే ముందుగా ఒకట్ల స్థానం, తరువాత పదుల స్థానం దొరుకుతాయి, అంటే కుడి నుంచి ఎడమకు. వాటిని చిన్న అర్రేలో చివరి నుంచి ముందుకు నింపుతూ రండి. పని అయ్యాక ఆగిన చోటు నుంచి ప్రింట్ చేస్తే సరైన వరుసలో వస్తాయి. సున్నా రాకపోవడానికి కారణం వైల్ లూప్: సంఖ్య సున్నా అయితే లోపలికే వెళ్ళదు. డూ వైల్ వాడితే కనీసం ఒక్కసారి నడిచి 0 అంకెను రాస్తుంది.

రుణ సంఖ్యలన్నీ సరిగ్గా వస్తున్నాయి, -2147483648 ఒక్కటి రావడం లేదు.

32 బిట్ల ఇంట్‌లో ధన సంఖ్యలు 2147483647 దగ్గర ఆగిపోతాయి. అందువల్ల -2147483648 గుర్తు మార్చితే వచ్చే సంఖ్యకు ఇంట్‌లో చోటు లేదు, ఆ లెక్క ఫలితం ప్రమాణం ప్రకారం అనిర్వచితం. ముందుగా దాన్ని అన్‌సైన్డ్ ఇంట్‌గా మార్చి, ఆ తరువాత సున్నాలోంచి తీసివేయండి. 2147483648 సరిగ్గా వస్తుంది. ముందు గుర్తు మార్చి తరువాత అన్‌సైన్డ్ చేస్తే పాత తప్పే మిగులుతుంది. ఈ వరుస ముఖ్యం.

%యూ, %ఎక్స్, %పి లకు మూడు వేర్వేరు ఫంక్షన్లు రాయాలా?

అక్కర్లేదు. ఇవి వరుసగా గుర్తు లేని సంఖ్యను, 16 ఆధారపు సంఖ్యను, అడ్రసును చూపించేవి. ఆధారాన్ని, అంటే 10 లేదా 16ను, పరామితిగా తీసుకునే ఒకే ఫంక్షన్ రాయండి. "0123456789ఏబీసీడీఈఎఫ్" వరుసలో 16 అక్షరాల స్ట్రింగ్ పెట్టుకుని శేషాన్ని అందులో సూచికగా వాడితే చాలు. %పికి వాయిడ్ పాయింటర్‌గా చదివి, యూఇంట్‌పీటీఆర్_టీ టైపులోకి మార్చి, 16 ఆధారంతో ప్రింట్ చేయండి.

మొత్తం రెండు కోట్లు దాటగానే బిల్లులో మైనస్ వస్తోంది. ఏమై ఉంటుంది?

ఇది నాకే జరిగింది. చాలా ఏళ్ళ క్రితం గుంటూరులో ఒక మిర్చి కమిషన్ కొట్టుకు పద్దులు ప్రింట్ చేసే చిన్న ప్రోగ్రామ్ రాసిచ్చాను. డబ్బును దశాంశాల్లో ఉంచితే పైసలు తేడా వస్తాయని, అన్ని మొత్తాలనూ పైసల్లో లాంగ్ లాంగ్ టైపులో ఉంచాను. అంతవరకు సరైన పనే. ప్రింట్ చేసే నా సొంత ఫంక్షన్‌లో మాత్రం అప్పటికి %డి ఒక్కటే ఉంది, దానితోనే సరిపెట్టాను. ఒక్కో రైతు పట్టీ, రోజువారీ పద్దు అన్నీ సరిగ్గా వచ్చాయి. సీజన్ మధ్యలో మొత్తం 2,15,00,000 రూపాయలకు చేరిన రోజున కాగితం మీద -2,14,49,672.96 అని పడింది. గుమాస్తాగారు ఆ కాగితం నా చేతిలో పెట్టి, "ఇంత సొమ్ము మేము ఎవరికి బాకీ పడ్డామండీ?" అని అడిగిన మాట ఇప్పటికీ గుర్తుంది.

కారణం ఇది. 2,15,00,000 రూపాయలు అంటే 215 కోట్ల పైసలు. ఇంట్‌లో పట్టేది 2147483647, అంటే 2,14,74,836 రూపాయల 47 పైసలు. వీఏ_ఆర్గ్(ఏపీ, ఇంట్) 64 బిట్లలో కింది 32 బిట్లనే తీసుకుంది; 2150000000లోంచి 4294967296 పోగా -2144967296 మిగిలింది. చిన్న మొత్తాలకు, ఇంట్‌లో గుర్తును తెలిపే బిట్టుతో సహా పై 33 బిట్లూ సున్నాలే కాబట్టి తప్పు కనబడలేదు.

పరిష్కారం: % తరువాత వచ్చే ఎల్ అక్షరాలను లెక్కపెట్టండి. ఏమీ లేకపోతే ఇంట్, ఒకటి ఉంటే లాంగ్, రెండు ఉంటే లాంగ్ లాంగ్ అని చదవండి. లాంగ్ 64 బిట్ల లినక్స్‌లో 8 బైట్లు, 64 బిట్ల విండోస్‌లో 4 బైట్లే. కనుక పెద్ద మొత్తాలకు లాంగ్ లాంగ్ వాడడమే క్షేమం. చదివిన తరువాత అన్నింటినీ అతి పెద్ద టైపులోకి మార్చుకుంటే అంకెలు విడదీసే ఫంక్షన్ ఒక్కటే సరిపోతుంది.

1,23,45,678 అని మన పద్ధతిలో కామాలు రావాలంటే ఎలా?

కుడి నుంచి అంకెలు తీసేటప్పుడు ఎన్ని తీశామో లెక్క ఉంచుకోండి. ఆ లెక్క 3, 5, 7, 9 ఇలా 3 గానీ అంతకు మించిన బేసి సంఖ్య గానీ అయి, ఇంకా అంకెలు మిగిలి ఉంటే ఒక కామా పెట్టండి. 12345678తో చూడండి: 8, 7, 6 రాసి కామా, 5, 4 రాసి కామా, 3, 2 రాసి కామా, చివరకు 1. మిగిలి ఉంటేనే అనే షరతు మరిస్తే 678కి ముందు కూడా కామా వచ్చి కూర్చుంటుంది. పైసల్లో ఉన్న మొత్తమైతే ముందుగా రెండు అంకెలు, చుక్క రాసి, ఆ తరువాత లెక్క మొదలుపెట్టాలి. లాంగ్ లాంగ్‌కు గుర్తు, కామాలు, చుక్క అన్నీ కలిపినా 32 బైట్ల బఫర్ చాలు.

దీనికి ఏ అక్షరం కేటాయించాలన్నది కూడా ఆలోచించాలి. చిన్న బడి (స్మాల్) ఇంగ్లీషు అక్షరాలను భవిష్యత్ అవసరాలకు ప్రమాణం తన దగ్గరే ఉంచుకుంది. సీ23లో %బి అలాగే వచ్చింది. అందుకే రూపాయలకు సొంత గుర్తు కావాలంటే నేను పెద్ద బడి (క్యాపిటల్) ఆర్ వాడతాను. పోసిక్స్ (యూనిక్స్ తరహా) వ్యవస్థల్లో అపాస్ట్రఫీ అనే జెండా, అంటే % వెంటనే పెట్టే అదనపు గుర్తు, కామాలు పెడుతుంది గానీ, అది యంత్రంలోని లొకేల్ (భాష, దేశం) అమరిక మీద ఆధారపడుతుంది.

%ఎఫ్ రాయడం అంత కష్టమా? పూర్ణాంక భాగం, దశాంశ భాగం విడదీస్తే అయిపోతుంది కదా?

అలా రాసినది చిన్న సంఖ్యలకు, రెండు మూడు స్థానాలకు బాగానే కనిపిస్తుంది. కష్టం లోపల ఉంది. డబుల్ విలువ 2 ఘాతాల్లో నిల్వ ఉంటుంది కాబట్టి 2.675 అని రాసినది నిజానికి 2.67499999 వంటి విలువగా ఉంటుంది. రెండు స్థానాలకు లైబ్రరీ 2.67 చూపిస్తుంది. మీరు 100తో గుణించి సగం కలిపి విడదీస్తే, గుణకారంలోనే మరో సవరణ జరిగి 2.68 రావచ్చు. ఇక 300 సున్నాలున్న సంఖ్య ఇస్తే పూర్ణాంక భాగం లాంగ్ లాంగ్‌లో పట్టదు. అనంతం, నాన్ (సంఖ్య కానిది) అనే ప్రత్యేక విలువలను ముందే పట్టుకోవాలి. సున్నాకు కూడా రుణ రూపం ఉంటుంది.

పూర్తిగా సరైన ఫలితం కావాలంటే ఎన్ని అంకెలైనా పట్టే పెద్ద పూర్ణాంకాల లెక్క రాయాలి; 1990లో స్టీల్, వైట్ ప్రచురించిన పద్ధతి, 2018లో ఉల్ఫ్ ఆడమ్స్ ప్రచురించిన ర్యూ పద్ధతి ఈ సమస్య మీద చేసిన లోతైన పనులు. మొదటిసారి రాస్తున్నవారికి నా సలహా, %ఎఫ్‌ను పక్కన పెట్టి మిగిలినవన్నీ గట్టిగా చేయమని.

## వెడల్పు, అమరిక, తెలుగు అక్షరాలు

%5డి, %05డి, %-5డి లను ఏ వరుసలో చదవాలి?

% తరువాత ముందుగా జెండాలు, అంటే మైనస్, సున్నా వంటివి, తరువాత వెడల్పు, తరువాత చుక్కతో వచ్చే ప్రెసిషన్, తరువాత ఎల్ వంటి పొడవు అక్షరాలు, చివర గుర్తు. %05డిలో 0 జెండా, 5 వెడల్పు. కనుక జెండాల లూప్ ముగిశాకే అంకెలను వెడల్పుగా కూడాలి. వెడల్పు చోట నక్షత్రం గుర్తు ఉంటే దాన్ని ఆర్గ్యుమెంట్లలోంచి ఇంట్‌గా చదవాలి. అది రుణమైతే మైనస్ జెండా ఉన్నట్టు లెక్క. సున్నాలతో నింపేటప్పుడు మైనస్ గుర్తు సున్నాలకు ముందు రావాలి: -42ను %05డితో ప్రింట్ చేస్తే -0042.

ఊళ్ళ పేర్లు తెలుగులో ప్రింట్ చేస్తే పట్టికలో వరుసలు కుదరడం లేదు.

వెడల్పును ప్రింట్ఎఫ్ బైట్లలో లెక్కపెడుతుంది. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు సంకేతానికీ 3 బైట్లు. "విజయవాడ"లో వ, గుడి, జ, య, వ, దీర్ఘం, డ అని 7 సంకేతాలు, 21 బైట్లు. "గుంటూరు"లో గ, కొమ్ము, సున్న, ట, కొమ్ముదీర్ఘం, ర, కొమ్ము అని అవీ 7 సంకేతాలు, 21 బైట్లే. 30 వెడల్పు ఇస్తే రెండింటికీ 9 ఖాళీలే కలుస్తాయి. కంటికి మాత్రం మొదటిది వి, జ, య, వా, డ అని అయిదు అక్షరాలు, రెండోది గుం, టూ, రు అని మూడు. పట్టిక ఎలా కుదురుతుంది?

సంకేతాలను లెక్కపెట్టినా, ఇప్పుడే చూసినట్టు, రెండూ 7 కాబట్టి ఉపయోగం లేదు. వ్యంజనానికి అతుక్కునే గుణింతపు గుర్తులను, సున్నను, పొల్లును వదిలేసి లెక్కిస్తే కొంత దగ్గరగా వస్తుంది; ఒత్తు అక్షరాలకు పొల్లు తరువాతి వ్యంజనాన్ని కూడా వదలాలి. అయినా తెలుగు అక్షరాల వెడల్పు ఫాంటును బట్టి మారుతుంది కనుక టెర్మినల్‌లో గీత గీసినట్టు రాదు. పట్టికలో పేరును చివరి గడిలో పెట్టడం నేను వాడే ఉపాయం. ప్రెసిషన్ విషయంలో మరింత జాగ్రత్త కావాలి: %.5ఎస్ అంటే 5 బైట్లు. మొదటి సంకేతం 3 బైట్లు పోగా రెండోదాన్ని మధ్యలో తెగ్గొడుతుంది, తెర మీద ప్రశ్నార్థకం ఉన్న వజ్రపు గుర్తు కనబడుతుంది. మీ సొంత ఫంక్షన్‌లో సంకేతం హద్దు దగ్గరే ఆగేలా రాయండి.

## పూర్తయ్యాక

నా లాగ్ ఫంక్షన్‌కు వచ్చిన మూడు చుక్కలను అలాగే ప్రింట్ఎఫ్‌కు పంపడం ఎలా?

చుక్కలను చుక్కలుగా పంపడం సీలో కుదరదు. వీఏ_లిస్ట్‌ను తీసుకునే జంట ఫంక్షన్‌ను పిలవాలి: ప్రింట్ఎఫ్‌కు వీప్రింట్ఎఫ్, ఎఫ్‌ప్రింట్ఎఫ్‌కు వీఎఫ్‌ప్రింట్ఎఫ్, ఎస్ఎన్‌ప్రింట్ఎఫ్‌కు వీఎస్ఎన్‌ప్రింట్ఎఫ్. మీరు కూడా అసలు పనంతా వీఏ_లిస్ట్ తీసుకునే వీమన_ప్రింట్‌లో పెట్టి, మన_ప్రింట్‌ను నాలుగు లైన్ల పై పూతగా ఉంచండి. ఒకే వీఏ_లిస్ట్‌తో రెండుసార్లు చదవవలసి వస్తే, ఉదాహరణకు ఒకసారి పొడవు కొలిచి, మెమరీ తీసుకుని, రెండోసారి రాయాలంటే, మొదటిసారి చదవకముందే వీఏ_కాపీతో నకలు తీసుకుని, ఆ నకలుకు కూడా వీఏ_ఎండ్ పెట్టాలి.

ప్రింట్ఎఫ్‌లో టైపు తప్పితే జీసీసీ హెచ్చరిస్తుంది, నా ఫంక్షన్‌కు హెచ్చరించదు. నేర్పవచ్చా?

నేర్పవచ్చు. జీసీసీ, క్లాంగ్ రెండింటిలోనూ అట్రిబ్యూట్ అనే ఏర్పాటు ఉంది. డిక్లరేషన్ పక్కన ఫార్మాట్, ప్రింట్ఎఫ్, 1, 2 అని రాస్తే, మొదటి పరామితి ఫార్మాట్ స్ట్రింగ్ అనీ రెండో దాని నుంచి సరిచూడాలనీ అర్థం. నేను చెప్పిన పైసల తప్పును ఇది కంపైల్ చేసేటప్పుడే పట్టించేది. రూపాయల ఆర్ వంటి సొంత గుర్తులను మాత్రం అది తప్పుగా చూపిస్తుంది. అందుకని అలాంటి మొత్తాన్ని ముందుగా విడి ఫంక్షన్‌తో స్ట్రింగ్‌గా మార్చి %ఎస్‌తో పంపమని నేను చెబుతాను. సొంత గుర్తు వల్ల వచ్చే సౌకర్యం కన్నా ఈ తనిఖీ విలువైనది.

వాడుకరి టైపు చేసిన స్ట్రింగ్‌ను నేరుగా ప్రింట్ఎఫ్‌కు ఇవ్వకూడదని ఎందుకంటారు?

బీసెంట్ రోడ్డు బట్టల కొట్టుకు ఆషాఢం సేల్ సందేశాలు ప్రింట్ చేసే ప్రోగ్రామ్ రాశారనుకోండి. యజమాని ఇంగ్లీషులో "50% డిస్కౌంట్" అని టైపు చేస్తారు. %, ఖాళీ, డి. ప్రింట్ఎఫ్ దృష్టిలో ఖాళీ కూడా ఒక జెండా కనుక అది చక్కని %డి గుర్తు. ఎవరూ పంపని ఇంట్ కోసం వెతికి ఏదో సంఖ్య ప్రింట్ చేసి, డి పోగా మిగిలిన మాటను దాని పక్కన అతికిస్తుంది. ఇది అమాయకంగా జరిగినది. తెలిసి చేసేవారు %ఎక్స్‌లు వరుసగా ఇచ్చి స్టాక్ మీది విలువలను బయటకు రప్పించగలరు. %ఎన్ గుర్తు అయితే అంతవరకు ప్రింట్ అయిన బైట్ల లెక్కను మెమరీలో రాస్తుంది, అంటే చదవడమే కాదు, మార్చడానికి కూడా దారి. ఎప్పుడూ "%ఎస్" అనే ఫార్మాట్ ఇచ్చి, వాడుకరి స్ట్రింగ్‌ను దాని ఆర్గ్యుమెంట్‌గా పంపండి. మీ మన_ప్రింట్‌లో %ఎన్ రాయవద్దు.

సరిగ్గా పనిచేస్తోందని ఎలా తేల్చుకోవాలి?

ఒకే ఫార్మాట్‌ను, ఒకే విలువలను మీ ఫంక్షన్‌కూ ఎస్ఎన్‌ప్రింట్ఎఫ్‌కూ ఇచ్చి, రెండు బఫర్లనూ, రెండు రిటర్న్ విలువలనూ పోల్చే చిన్న ప్రోగ్రామ్ రాయండి. సున్నా, 2147483647, -2147483648, ఖాళీ స్ట్రింగ్, వెడల్పు కన్నా పొడవైన స్ట్రింగ్, వరుసగా రెండు %% లు తప్పక ఉండాలి. ఆర్గ్యుమెంట్లు 6 కన్నా ఎక్కువ పంపే పరీక్ష ఒకటి పెట్టండి. రిజిస్టర్లు నిండి స్టాక్ మీదకు వెళ్ళినప్పుడే బయటపడే తప్పులు ఉంటాయి. పూర్ణాంకాలు, స్ట్రింగులు కలగలిపి పంపేది మరొకటి. హెచ్చరికలన్నీ తెరిచి, నడిచేటప్పుడే తప్పులను పట్టే కంపైలర్ సౌకర్యాలైన అడ్రస్ శానిటైజర్, అనిర్వచిత ప్రవర్తన శానిటైజర్ రెండింటితో కంపైల్ చేసి నడపండి. నా తరగతిలో పని చూపించడానికి వచ్చేవారు ఆ పరీక్షల ప్రోగ్రామ్‌ను కూడా తేవాలి. నేను ముందుగా దాన్నే చదువుతాను.